గోళ్ళరంగు గీత

గీత జరిగింది. వెంట్రుకవాసి జరిగితే సర్దుకుపోయేది కానీ, పావు చుట్టుకి పైనే జరిగింది.

ఇంజన్ అడుగున ఆయిల్ దించడానికి ఒక బోల్టు ఉంటుంది. దాన్ని బిగించిన ప్రతిసారీ బోల్టు తల మీంచి ఇంజన్ మీదికి ఎర్ర గోళ్ళరంగుతో ఒక గీత గీయడం సూదమ్మాయికి అలవాటు. గీత ఒకటిగా ఉంటే బోల్టు కదల్లేదని లెక్క. ఇప్పుడు ఆ గీత రెండు ముక్కలై చెరోవైపు చూస్తోంది. పోనీ వదులైందా అంటే, తిరిగింది బిగించే వైపు. బోల్టు దానంతటది వదులవ్వచ్చేమో కానీ, దానంతటది బిగుసుకోదు కదా. ఎవరో పనిగట్టుకుని బిగించారు.

“ఎవరు? ఎవరు చెయ్యి పెట్టారు నా బండి మీద?” అంది ఆదివారం పొద్దున్నే, మనుషులెవరూ లేని పార్కింగ్‌లో, స్తంభాలతో.

ఆమె ల్యాబ్‌లో పని చేస్తుంది. తెల్లారి ఐదున్నరకల్లా బండి తీసి, ఇల్లిల్లూ తిరిగి పరగడుపు రక్తం తీసుకొస్తుంది. అందుకే వీధిలో పిల్లలు సూదమ్మాయి అని పేరు పెట్టారు. ఆ బండికి ఆయిల్ మార్చడం, చెయిన్ కడగడం, బ్రేకు తీగ సవరించడం అన్నీ ఆమే చేసుకుంటుంది. అది నాన్నకి నచ్చదు. ఆయన ముప్పై ఏళ్ళు బస్సు నడిపి దిగిన మనిషి.

“అన్నేళ్ళ సర్వీసులో నేనే ఇంజన్ విప్పలేదు. నువ్వు విప్పుతావా?” అన్నాడు మొదటిరోజే. బండి ఆయన పేరు మీద ఉంది కాబట్టి షరతు కూడా ఆయనదే. “మూడుసార్లు ఆయిల్ నువ్వే మార్చు. ఒక్కసారి తేడా వచ్చినా బండి అమ్మేస్తాను. నోరెత్తకూడదు.”

రెండుసార్లు దివ్యంగా జరిగింది. ఇది మూడోది.

ఇంజన్ని రెండు నిమిషాలు వేడి చేసింది. కింద ట్రే పెట్టి, స్పానర్ తగిలించి తిప్పింది. బోల్టు కదల్లేదు. పళ్ళు బిగించి తిప్పింది. కిర్రుమని అరిచి వచ్చింది, వస్తూ వస్తూ మెలికలు తిరిగిన వెండి పొట్టు కూడా తెచ్చింది. ఆ పొట్టుని వేలితో తీసి వెలుగులో చూసింది. అది ఇంజన్ లోపలి థ్రెడ్, బోల్టుని పట్టి ఉంచే మర. నల్లటి ఆయిల్ కారిపోయాక, కొత్త వాషర్ వేసి బోల్టు ఎక్కించింది. తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది, ఎక్కడా పట్టుకోవడం లేదు.

సరిగ్గా అప్పుడు కనిపించింది, వెనక చక్రం పక్కన గోడవారగా, ఉండచుట్టి పడున్న నీలం గ్లవ్. ల్యాబ్‌లో ఆమె వాడేవి తెల్లవి. ఈ బిల్డింగ్‌లో నీలం గ్లవ్స్ వేసుకునే మనిషి ఒక్కడే. కింది అంతస్తులో, పార్కింగ్ వైపు కిటికీ ఉన్న క్లినిక్‌లో కూర్చునే పళ్ళ డాక్టరు.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి.

క్లినిక్ తలుపు తోసుకుని వెళ్ళేసరికి కుర్చీలో ఒక పెద్దాయన నోరు తెరుచుకుని ఉన్నాడు. పళ్ళ డాక్టరు ఆయన దవడలోకి ఏదో చిన్న స్క్రూ బిగిస్తున్నాడు.

“డాక్టర్ గారూ, ఇది మీదేనా?” గ్లవ్‌ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

డాక్టరు ఎర్రబడ్డాడు. “ఒక్క నిమిషం అండీ. ఈ స్క్రూ కొలిచి బిగించాలి. ఎక్కువైతే ఎముక పాడవుతుంది.”

“ఓహో! నోట్లో స్క్రూ అయితే కొలుస్తారు. నా బండి బోల్టు అయితే గుడ్డెద్దులా బిగిస్తారా? ఆయన ఎముకే ఎముకా, నా ఇంజన్ ఎముక కాదా?”

కుర్చీలో పెద్దాయన “ఆ, ఆ” అన్నాడు. ఎవరి పక్షమో తెలియలేదు.

“మీరు నోరు మూసుకోవద్దు సార్, అలాగే ఉండండి,” అని డాక్టరు పని ముగించి, చేతులు కడుక్కుని, ఉరిశిక్ష పడ్డవాడిలా ఆమె వెనకే పార్కింగ్‌కి నడిచాడు.

అక్కడ నాన్న నిలబడి ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు, చూపు బోల్టు మీద.

“థ్రెడ్ పోయిందా?” అన్నాడు, ఎందుకో మెల్లగా. “సరే మరి. అనుకున్న మాట ప్రకారం...”

“తప్పు ఆమెది కాదండీ,” డాక్టరు అడ్డొచ్చాడు. “నేనే బిగించాను. నేల మీద ఆయిల్ చుక్క కనిపించింది. బోల్టు వదులైందేమో అని భయపడ్డాను.”

“ఏ చుక్క? ఎక్కడి చుక్క?” సూదమ్మాయి గొంతు రెండో అంతస్తు దాకా వెళ్ళింది. “అది మీ స్కూటర్‌ది! అదిగో, ఇప్పుడు కూడా కారుతోంది. నేల ఇటు వాలుగా ఉందని మా బండి కిందికి వస్తోంది. మీ ఇంటి కుళాయి కారితే పక్కింటి కుళాయి బిగిస్తారా?”

డాక్టరు వంగి తన స్కూటర్ కింద చూశాడు.

“ఎన్నిసార్లు బిగించారు?”

అతను నాన్న వైపు ఒక్క క్షణం చూసి, తల దించుకున్నాడు. “మూడుసార్లు.”

“దేనితో?”

క్లినిక్ సింకు బిగించే చిన్న స్పానర్ తెచ్చి చూపించాడు. జానెడు కూడా లేదు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. బోల్టు అంచుల మీది గాట్లు చూసింది. మళ్ళీ స్పానర్ చూసింది.

“ఈ బొమ్మ స్పానర్‌తో థ్రెడ్ పోదు. అబద్ధం ఎందుకు చెప్తున్నారు? ఎవరిని కాస్తున్నారు?”

నాన్న టీ గ్లాసు మెట్టు మీద పెట్టాడు.

“అమ్మాయ్, ఆ బాబుని వదిలెయ్. ఆయన ఒక్కసారే బిగించాడు, అదీ వేళ్ళతో బిగించినట్టు. మిగతా రెండుసార్లు నేను. నా బస్సు పనిముట్ల పెట్టెలో మూరెడు స్పానర్ ఉంది చూడు, దానితో.”

“నువ్వా?”

“పొద్దున్నే చీకట్లో ఒక్కదానివే పోతావు. దారిలో బోల్టు ఊడితే? బండి జారితే? నాకు నిద్ర పట్టదే తల్లీ. ఈయన కిటికీలోంచి అంతా చూశాడు. అయినా నీకు చెప్పలేదు. ఇప్పుడు నా పాపం కూడా నెత్తిన వేసుకుంటున్నాడు.”

సూదమ్మాయి ఆ చిన్న స్పానర్‌ని కొట్టినట్టు డాక్టరు చేతిలో పెట్టేసింది. మాటతో పాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

“ఇద్దరూ ఒకటే! ఒకరు కూతురిని కాపాడేస్తారు, ఒకరు పక్కింటి పిల్లని కాపాడేస్తారు. నన్ను ఒక్క మాట అడగరు. నాన్నా, ఈ చేత్తో నేను పసిపిల్లల నరం ఒక్క పోటుకి పట్టుకుంటాను. ఎనభై ఏళ్ళ ముసలమ్మలు ఈ చెయ్యే కావాలని ఫోన్ చేసి అడుగుతారు. ఎంత బిగించాలో ఈ చేతికి తెలీదా? పైగా షరతు ఒకటి! పాడు చేసేది నువ్వు, ఓడిపోయేది నేనూనా?”

నాన్న బోల్టు వంక చూసి, “లేదమ్మా. ఓడింది నేను,” అన్నాడు.

“కాస్త పెద్ద సైజు బోల్టు దొరుకుతుందేమో,” డాక్టరు భయం భయంగా అన్నాడు. “ఎముకలో స్క్రూ పట్టకపోతే మేమూ...”

“తెలుసు! పెద్ద సైజు బోల్టు, తనే థ్రెడ్ కోసుకుంటూ ఎక్కేది. స్కూటర్ తీయండి.”

ఆ కారే స్కూటర్ మీదే స్పేర్ పార్టుల షాపుకి వెళ్ళారు. బోల్టు కొని వచ్చేటప్పుడు వాన పట్టుకుంది. మూసి ఉన్న ఒక షాపు చూరు కింద ఆగారు. వాన మాత్రం ఎవరి కోపమూ పట్టించుకోకుండా తీరిగ్గా కురుస్తోంది.

“మా నాన్న బిగించడం రెండుసార్లూ చూశారంటే, రోజూ కిటికీలోంచి మా బండినే చూస్తుంటారా?” అంది.

“చూస్తానండీ.”

“చుక్క పడిందా లేదా అనా?”

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచే గుడ్డ కూడా తడిసిందని గమనించలేదు. “మొదటి రెండు రోజులే చుక్క కోసం. తర్వాత మీ కోసం.”

ఆమెకి ఇంకా కోపంగానే ఉంది. ఉండాలి కూడా. కానీ ఆ కోపాన్ని ముఖం మీద నిలబెట్టుకోవడానికి వాన వైపు తిరగాల్సి వచ్చింది.

తిరిగొచ్చాక పార్కింగ్‌లో పాత దుప్పటి పరిచి, స్పానర్ అతని చేతికే ఇచ్చింది. బోల్టుని నెమ్మదిగా, ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఒకసారి పూర్తిగా ఎక్కించి, మళ్ళీ తీయమంది. కాస్త ఆయిల్ పోసి, లోపల పొట్టు ఏదైనా ఉంటే కొట్టుకుపోయేలా వదిలేసింది. బోల్టు తుడిచి కొత్త వాషర్ వేసింది.

“ముందు చేత్తో తిప్పండి. ఆగిందా? ఇప్పుడు స్పానర్. ఇంకాస్త. చాలు.”

“ఇంతేనా?”

“ఇంతే.”

“ఇంకొక్క కొంచెం...”

“డాక్టర్ గారూ!”

అతను కాలినట్టు చెయ్యి తీసేశాడు. మెట్టు మీద కూర్చుని చూస్తున్న నాన్న కూడా రెండు చేతులూ ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆయిల్ నింపి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఆపి చూస్తే నేల పొడిగా ఉంది. ఆమె గోళ్ళరంగు సీసా తెరిచి బోల్టు మీద కొత్త గీత గీసింది.

“రేపే బండి నీ పేరు మీదికి మారుస్తాను,” అన్నాడు నాన్న. తర్వాత గొంతు సవరించుకున్నాడు. “డాక్టరు బాబూ, మీ అమ్మగారూ నాన్నగారూ ఏ రోజు ఇంట్లో ఉంటారు? ఒకసారి వచ్చి కలుద్దామని...”

“నాన్నా! మళ్ళీ మూరెడు స్పానర్ తీస్తున్నావు!”

“తప్పే, తప్పే,” అన్నాడు నాన్న. డాక్టరు మాత్రం స్కూటర్ వెనక్కి వెళ్ళి నవ్వుకున్నాడు.

మర్నాడు ఐదున్నరకి సూదమ్మాయి బ్యాగు భుజాన వేసుకుని దిగింది. వంగి టార్చి వేసింది. గీత ఒకటిగా ఉంది. లేచి చూస్తే క్లినిక్ కిటికీ దగ్గర డాక్టరు, ఆ వేళప్పుడు, రెండు చేతులూ వెనక కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ముట్టుకోలేదండీ,” అన్నాడు కిటికీలోంచి. “చాలా కష్టమైంది.”

ఆమె హెల్మెట్ పెట్టుకుంది. అద్దం పైకెత్తి, “సాయంత్రం ఆరింటికి రండి. మీ స్కూటర్ విప్పుదాం,” అని, బండి స్టార్ట్ చేసింది.