ఆ ఇంట్లో మగగొంతు

ఆ ఇంట్లో పొద్దున్నే కుక్కర్ కూడా గొంతు విప్పదు. కొడుకు బొండాం పుట్టినప్పటి నుంచీ కోడలు పెట్టిన చట్టం అది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లాడు, చిన్న అలికిడికే ఉలిక్కిపడి ఏమైపోతాడో అని ఆమె దిగులు. కాలింగ్ బెల్ తీగ పీకించింది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కింది. మొగుడి చేత తుమ్ములు కూడా తువ్వాల్లోనే తుమ్మించింది.

"మనింట్లో దొంగలు పడితే వాళ్లనీ చెప్పులు విప్పి రమ్మంటుంది" అని మొగుడి ఎగతాళి. చేసుకోనీ. పిల్లాడు గుండ్రాయిలా నిద్రపోతున్నాడంటే అది ఎవరి చలవ?

ఆమె చొక్కాల ఫ్యాక్టరీకి బయలుదేరుతుంటే అత్తగారు మెల్లగా అడిగింది. "సాయంత్రం మామూలు వేళకేగా రావడం?"

"నిన్నా అదే అడిగారు. ఎందుకత్తయ్యా?"

"ఊరికే."

ఊరికే అడిగినవాళ్లు మొహం తిప్పుకోరు. అత్తగారు తిప్పుకుంది.

మెట్ల దగ్గర పై వాటా నర్సు ఎదురైంది. రాత్రి డ్యూటీ దిగి వస్తోంది, కళ్లు మూతలు పడుతున్నాయి.

"పగటిపూట మీ ఇంటికి ఎవరొస్తున్నారమ్మా?"

"ఎవరూ రారే!"

"చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నా వినబడుతోంది. మగగొంతు. మీ అత్తగారి నవ్వు కూడా. నాకెందుకులే గానీ, పసివాడున్న ఇల్లు."

ఆ 'నాకెందుకులే' ముల్లులా దిగబడింది. గుండీ రంధ్రాలు కుట్టే మిషన్ ముందు కూర్చున్నా కోడలి చేతులే అక్కడున్నాయి, మనసు ఇంట్లోనే ఉంది. వచ్చేది ఎవరు? పిల్లాణ్ణి పక్కన పడేసి వాడితో కబుర్లా? ఆవిణ్ణి నమ్మే కదా తను గడప దాటుతోంది! ఆ నమ్మకం పోతే ఇక బిడ్డనెవరికి అప్పగించాలి?

మొగుడికి ఫోన్ చేసింది. "మా అమ్మా? ఆవిడ పాలవాడితోనే రెండో మాట మాట్లాడదు" అని పకపకా నవ్వాడు.

"నవ్వండి. పిల్లాడికేమైనా అయ్యాక కూడా నవ్వుదురుగాని."

తలనొప్పని చెప్పి మధ్యాహ్నమే ఇల్లు చేరింది. మెట్ల మీదే వినబడింది. మగగొంతే! గొంతు చించుకుంటున్నాడు. దడదడమని ఏదో అదురుతోంది. తాళం తీసి లోపలి గదిలోకి దూసుకెళ్లింది.

మగాడు లేడు. పాత ప్లేయర్ మీద నల్లటి రికార్డు తిరుగుతోంది. నేలంతా పరిచిన రికార్డుల అట్టలన్నిటి మీదా బొమ్మగా ఒకడే పాటగాడు, గిటారు ఎత్తిపట్టి, జుట్టు నున్నగా దువ్వి. చెక్క స్పీకరును ఆనుకుని బొండాం.

"ఇదా మీరు చేసే నిర్వాకం? పసివాడి చెవులు పగిలిపోవూ!" కోపం కూడా గుసగుసగానే వచ్చింది.

అత్తగారు ముల్లు ఎత్తి పాట ఆపింది. "పిలువు వాణ్ణి. గట్టిగా."

"బొండాం!"

వాడు స్పీకరు వైపే చూస్తున్నాడు.

"బొండాం! ఒరేయ్ కన్నా!" ఆ కేకకు పై వాటాలో మంచం కిర్రుమంది. పిల్లాడు మాత్రం తల తిప్పలేదు.

కోడలు గోడకు జారబడింది.

"గిన్నె జారిపడినా వాడు కదల్లేదమ్మా, అప్పుడే అనుమానమొచ్చింది" అంది అత్తగారు. "తేల్చుకుందామంటే ఈ ఇంట్లో చప్పుడేదీ? అటక మీంచి వీటిని దించాను. పెళ్లికి ముందు ఈ అట్టల మీదాయన పాటంటే పడిచచ్చేదాన్ని. మొదట వాడి కోసమే పెట్టాను. పోనుపోనూ నా కోసమూ. వింటున్నంతసేపూ భయం మర్చిపోయేదాన్ని. నీకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు తల్లీ."

"నిద్రనుకున్నానత్తయ్యా... నేనే వాడి చుట్టూ గోడ కట్టేశాను. పైగా మిమ్మల్ని... ఎవరో మగాడు వస్తున్నాడని..."

అత్తగారు కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది. "ఈ వయసులోనా! వస్తే వాడి కాఫీ ఎవరు కలుపుతారే?"

"ఇప్పుడే చెవుల డాక్టరు దగ్గరికి పోదాం, లేవండి."

అత్తగారు రికార్డు తీయబోయింది. బొండాం మూతి ముడిచి, అరచేత్తో చెక్కను టపటపా కొట్టాడు. ఆవిడ మళ్లీ ముల్లు దించింది. చెక్క అదిరింది. వాడి చెయ్యి దానికి అతుక్కుపోయింది. ఒళ్లంతా ఊపుతూ కేరింతలు కొట్టాడు.

కోడలు వాడి పక్కన చతికిలబడి, తన చెయ్యి కూడా ఆ చెక్క మీద వేసింది. కన్నీళ్లు ఆగలేదు.

"ఈ పాట అయ్యాకే వెళదాం. ఇంకాస్త పెంచండత్తయ్యా."