మోటారు కట్టేయండి

మా మేడ మీది గదిలోకి అద్దెకు దిగిన రోజున సుజిత నాతో అన్న మొదటి మాట నమస్తే కాదు. "మోటారు కట్టేయండి. ట్యాంకు నిండి పావుగంటయింది" అంది.

నేను వరండాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. మా ఇల్లు, మా మోటారు, మా నీళ్ళు. అయినా లేచి కట్టేశాను. అక్కడే అలుసైపోయాను.

ఆమెది మాకవరపాలెం. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతుంది. స్కూల్లో మిగిలిపోయిన సైన్సంతా సాయంత్రం ఇంటికొచ్చి నాకు చెప్పేది. నాది మొబైల్ షాపు. నాకున్న ఓపికంతా కస్టమర్ల దగ్గరే అయిపోతుంది. బియ్యం కడిగిన నీళ్ళు వంకాయ మొక్కలకి పోయాలట. అంట్లకి కుంకుడు రసమట. వరండాలోంచి నేను గేటు దాకా వెళ్తే చాలు, వెనక ఆమె ఫ్యాను కట్టేసేది.

ఓ ఆదివారం చికెన్ షాపు దగ్గర నా చేతిలో నల్ల కవరు ఆమె కంటపడింది. క్యూలో నా ఫ్రెండ్ గోవింద్ ఉన్నాడు, ఇంకో పదిమంది ఉన్నారు.

"ఇంట్లో స్టీలు డబ్బా లేదా కిరణ్ గారూ?" అని అడిగింది, హోమ్‌వర్కు తేని పిల్లాణ్ణి అడిగినట్టు.

నేను ఆ కవరు వెనక్కిచ్చి, ఇంటికెళ్ళి డబ్బా తెచ్చుకుని, మళ్ళీ క్యూ చివర నిలబడ్డాను. ఎందుకు చేశానో ఇప్పటికీ తెలీదు. గోవింద్ వారం రోజులపాటు నన్ను డబ్బా అనే పిలిచాడు.

ఆ మంటలోనే అమ్మతో ఒక అబద్ధం చెప్పాను. మెట్ల మీద సుజిత పెట్టుకున్న ఎరువు కుండ వల్ల ఇంట్లో ఈగలు ముసురుతున్నాయన్నాను. కూరగాయల తొక్కలూ ఎండుటాకులూ వేసి, మూత పెట్టిన కుండ అది. ఒక్క ఈగ కూడా లేదు. కానీ మా అమ్మ ఎస్తర్ రాణికి శుభ్రం పిచ్చి. అప్పటికప్పుడు మేడెక్కి, నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమని చెప్పేసి వచ్చింది.

సుజిత ఎదురు చెప్పలేదు. మర్నాటి నుంచి మాతో మాట్లాడటం మానేసింది. నేను మూడు రోజులు ట్యాంకు పొంగనిచ్చి చూశాను. ఎవరూ అరవలేదు. నాలుగో రోజు నేనే లేచి మోటారు కట్టేశాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది, దాని కింద కూర్చోబుద్ధి కాలేదు. ఆమె వెళ్ళిపోతుందంటే భయం వేసింది. ఎవరితో చెప్పుకోను? గెంటించింది నేనే.

నెలాఖరు ఆదివారం మా చర్చిలో కోత పండుగ. సుజితా ఆ చర్చికే వస్తుంది. ప్రతి ఇంటివాళ్ళూ ఆ ఏటి మొదటి పంటలో కొంత కుండలో పోసి, మూతికి తెల్లగుడ్డ కట్టి తెస్తారు. పాస్టరుగారు ఆ ఇంటి పేరు చదివి, గుడ్డ విప్పి, ప్రార్థన చేస్తారు. బలిఘట్టం దగ్గర మాకున్న అరెకరంలో పండిన బియ్యం కొంత అమ్మ కుండలో పోసి, గుడ్డ కట్టి, మెట్ల దగ్గర పెట్టింది. బేగి తెమ్మని నాకు చెప్పి, తను ముందే ఆటోలో వెళ్ళిపోయింది.

నేను కుండని బండి మీద పెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని పోయాను. గది మారడం కోసం సుజిత కూడా తన కుండకి తెల్లగుడ్డ కట్టి అక్కడే పెట్టిందని నాకేం తెలుసు?

పాస్టర్ క్రీస్తురాజుగారు మా ఇంటి పేరు చదివారు. గుడ్డ విప్పి, చెయ్యి పెట్టి గుప్పెడు తీశారు. నల్లటి మట్టి. అందులోంచి ఒక వానపాము తల బయటికి పెట్టింది.

చర్చి అంతా చూస్తోంది. వెనక వరుసలోంచి సుజిత లేచింది, ఆ కుండ తనదని చెప్పడానికి. నేనూ లేచాను. మా ఇద్దరికంటే ముందు అమ్మ లేచింది. ఆ చర్చిలో నలుగురి ముందూ అమ్మ పొరపాటు ఒప్పుకోవడం నేనెన్నడూ చూడలేదు.

"ఏటండీ అలా సూస్తారు? మా ఇంటి ఎరువండి అది. వంటింటి సెత్తతో సేసేం. పంటకి ముందు ఇదే కదండీ కావాలి" అంది.

పాస్టరుగారు కాస్త ఆలోచించి, కళ్ళు మూసుకుని దానికీ ప్రార్థన చేశారు.

ఆరాధన అయ్యాక ఆడవాళ్ళందరూ అమ్మ చుట్టూ చేరారు. ఎన్నాళ్ళు పడుతుంది, వాసన రాదా, ఏమేం వెయ్యాలి అని ప్రశ్నలు. అమ్మ అన్నిటికీ ధీమాగా తప్పు జవాబులు చెప్పింది. వచ్చే ఆదివారం అందరూ ఇంటికొచ్చి చూడమని పిలిచేసింది కూడా. తర్వాత మెల్లగా సుజిత దగ్గరకొచ్చింది.

"నువ్వు ఖాళీ సెయ్యకు పిల్లా. ఈళ్ళందరూ వస్తే నానేటి సెప్తాను?"

"మరి ఈగలో ఆంటీ?"

"నాకెక్కడా కనపళ్ళేదు. ఈడే సెప్పేడు" అని నన్ను చూపించి, ఆటో ఎక్కేసింది.

చర్చి గేటు దగ్గర మేమిద్దరం, మధ్యలో కుండ. నేను తల దించుకుని, అబద్ధం చెప్పానని, చికెన్ షాపు కోపమని ఒప్పుకున్నాను.

"ఇన్నాళ్ళూ మీ అమ్మగారి మీద కోపం పెట్టుకున్నాను" అంది. "ఇప్పుడింట్లో మోటారు కూడా ఆన్‌లోనే ఉండుంటుంది."

"లేదు. మీరు మానేశాక నేనే కట్టేస్తున్నాను."

"మరి అంతకుముందు రోజూ మర్చిపోయేవారే?"

ఇక దాచి లాభం లేదనిపించింది. "మొదటి వారం మర్చిపోయాను. తర్వాత కావాలనే వదిలేశాను. మీరు కిందికి దిగి తిడతారని. నువ్వెళ్ళిపోతే నేనుండలేను సుజితా."

ఆమె మొహం ఎర్రబడింది. సిగ్గనుకున్నాను. కోపం.

"రెండు నెలలు. ఎన్ని నీళ్ళు పారబోశారో తెలుసా?"

తెలీదన్నాను. సిగ్గుగా లేదా అని అడిగింది. ఉందన్నాను. ఆమె కుండ ఎత్తుకుని నా బండి వెనక కూర్చుంది.

"నాతో మాటాడ్డానికి అన్ని నీళ్ళెందుకండీ," అంది నా వెనకనించి, గొంతు తగ్గించి. "మెట్లెక్కి రావచ్చు కదా."

ఆ సాయంత్రం తల దువ్వుకుని మెట్లెక్కాను. తలుపు తీసి నవ్వింది. బియ్యం కడిగిన నీళ్ళ గిన్నె నా చేతికిచ్చి, వంకాయ మొక్కల వైపు చూపించింది.