మోగని గాలిపటం

పరీక్ష విమానంలో స్క్రీన్ మీద రన్‌వే ఎదురుగానే ఉంది. కిటికీలోంచి చూస్తే మాత్రం ఎదురుగా సున్నపురాతి కొండ ఉంది. పైలట్ స్క్రీన్‌ని వదిలేసి కళ్లని నమ్మాడు కాబట్టి బతికి బయటపడ్డాడు.

“ఎవరో దొంగ సిగ్నల్ వదులుతున్నారు,” అన్నాడు హర్తావాన్. గూఢచారి విభాగం అధిపతి ఆయన. తెల్లారే జకార్తా నుంచి బాలిలో దిగాడు. “అచ్చం ఉపగ్రహం మాట్లాడినట్టే ఉంటుందట. కాకపోతే పచ్చి అబద్ధం.”

ఏజెంట్ నెంగా కూర్చోలేదు. అతను కూర్చుని బ్రీఫింగ్ విన్నట్టు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ గుర్తులేదు. ఈ గోడ నుంచి ఆ గోడకి పచార్లు చేస్తున్నాడు.

“ఎవరి పని సార్?”

“ఆల్బట్రాస్ అనే పరాయి దేశపు ముఠాది. మన ఆకాశమార్గ సంస్థ నేల మీద దారి చూపే బీకన్లు వదిలేసి ఉపగ్రహాల దారికి మారుతోంది కదా. ఈ మధ్యాహ్నం మొదటి ప్యాసింజర్ విమానం ఆ దారిలో దిగుతుంది. అది గురి తప్పిందంటే మన సిస్టమ్ పనికిరాదని ఊరూరా చాటి, వాళ్ల సిస్టమ్ మనకి అంటగడతారు. ఇక మన యుద్ధ విమానం దగ్గినా వాళ్లకి వినిపిస్తుంది.”

“ప్రయాణికుల మాటేంటి?”

“తేడా కనిపిస్తే విమానాన్ని మళ్లీ పైకి లేపేయమని పైలట్‌కి చెప్పాం. ప్రాణాలకి భయం లేదనుకుంటున్నాం.”

“అనుకుంటున్నారా?”

హర్తావాన్ చల్లారిన కాఫీ తాగాడు. “ఆ విమానాన్ని దించే కంట్రోలర్ ఎవరో నీకు తెలుసుగా,” అన్నాడు.

తెలియకేం? అతని సొంత చెల్లెలు కొమాంగ్. వాళ్ల నాన్న పపువా కొండల్లో తిరిగే సరుకు విమానం మీద మెకానిక్. ఒకనాడు ఆ విమానం రాడార్ చూపు పడని లోయలోకి దూరింది. ఎక్కడ కూలిందో ఈనాటికీ తెలియదు. కొండ రాడార్‌కి అడ్డొస్తుంది గానీ ఉపగ్రహానికి రాదు. ఆ ఒక్క మాట పట్టుకుని కొమాంగ్ ఏళ్ల తరబడి అందరి ప్రాణాలూ తోడేసి ఈ ఉపగ్రహాల దారిని ఈ రోజు దాకా లాక్కొచ్చింది. ఇవాళ గెలిస్తే వచ్చే ఏడు ఆ లోయల్లోనూ కొత్త దారులు వస్తాయి. ఓడితే పథకమంతా అటకెక్కుతుంది. నెంగాకి ముఠాలంటే భయం లేదు, కొమాంగ్ ఏడుస్తుందంటేనే భయం.

* * *

దొంగ సిగ్నల్ సానూర్ తీరం వైపు నుంచి వస్తోందని తేలింది. ఆ రోజు అక్కడి ఇసుక మైదానంలో గాలిపటాల పోటీ. నెంగా అడ్డపంచె కట్టి, తలపాగా చుట్టి, ఫ్లాస్కు పట్టుకుని జనంలో కలిసిపోయాడు. ఎన్నో మారువేషాలు వేసినవాడికి సొంత ఊరివాడి వేషం వేయడం అదే మొదటిసారి. ఫ్లాస్కులో కాఫీ లేదు, సిగ్నల్ పట్టే డిటెక్టర్ ఉంది.

పైన నాగుపాము తలలు, వీధి పొడవున తోకలు ఉన్న గాలిపటాలు. ఒక్కోదాన్ని పట్టడానికి ఒక పేట కుర్రాళ్లంతా కావాలి. తల వెనక కట్టిన విల్లుకి గాలి తగిలి ప్రతి పటమూ హోరుమని మోగుతోంది. జట్టు పరువంతా ఆ మోతలోనే ఉంటుంది. కింద జనం ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటున్నారు.

“దొరికిందా?” ఇయర్‌ఫోన్‌లో కొమాంగ్.

“ఏంటీ? గట్టిగా చెప్పు!”

“దొరికిందా అంటున్నా, చెవిటి మాలోకం!”

“ముల్లు పిచ్చెక్కినట్టు తిరుగుతోందే! సిగ్నల్ పైనుంచి వస్తోంది, కదులుతోంది కూడా.”

“డ్రోనా?”

“ఈ పోటీలో డ్రోన్ లేపితే జనం రాళ్లేసి దించేస్తారు.”

“అయితే నాతో కబుర్లేంటి అన్నయ్యా? వెతుకు! విమానం బయల్దేరి వచ్చేస్తోంది.”

అటూ ఇటూ తిరిగి తిరిగి నెంగా చెప్పులు ఇసుకతో నిండిపోయాయి. అంతలో ఎవరో భుజం తట్టారు.

“కొబ్బరి నీళ్లు ఎక్కడ దొరుకుతాయి?”

“వాన వెలిశాక,” అన్నాడు నెంగా. కోడ్ సరిపోయింది.

సెలీన్. పట్టు గౌను, నల్ల కళ్లద్దాలు, పది గజాల ముందే తెలిసిపోయే సెంటు. ఆల్బట్రాస్‌లో పనిచేస్తూ వాళ్ల రహస్యాలు డిపార్ట్‌మెంట్‌కి చేరవేస్తుంది. డిపార్ట్‌మెంట్ రహస్యాలు ఎవరికి చేరవేస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు.

అతన్ని మైదానం చివర, ఒక జట్టు తాడు పట్టుకుని నిలబడ్డ చోటికి తీసుకెళ్లింది. “బెనోవా తీరానికి వెళ్లు,” అంది గుసగుసగా. “అక్కడ పడవలు పారాచూట్లని లాగుతుంటాయి. ఎర్ర పారాచూట్‌లో ఉంది పరికరం. నా కారు రోడ్డు మీదే ఉంది.”

నెంగా రెండడుగులు పరుగెత్తాడు. ఆగాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కదలకుండా నిలబడిపోయాడు.

“ఏదీ, మళ్లీ చెప్పు,” అన్నాడు. “ఇంకా మెల్లగా.”

“ఎందుకు?”

“ఈ మైదానంలో ఎవరి మాటా వినబడట్లేదు. నీ గుసగుస మాత్రం అక్షరం పొల్లు పోకుండా వినబడింది.”

తలెత్తి చూశాడు. నెత్తిన ఎర్రటి తోకతో ఒక నాగుపాము పటం ఊగుతోంది. అది మోగడం లేదు. బాలిలో పాలుతాగే పిల్లాణ్ని అడిగినా విల్లు లేకుండా దాన్ని ఎగరేయకూడదని చెబుతాడు. తలలో ఉన్న పరికరానికి ఆ అదురు పడదు కాబట్టి ఎవరో విల్లు విప్పేశారు. ఉత్త రొదే కదా అనుకుని ఉంటారు.

“తెలివైనవాడివే,” అంది సెలీన్. లిప్‌స్టిక్ గొట్టం అతని పక్కటెముకలకి ఆనింది. అందులో తూటా ఉంటుందని నెంగాకి తెలుసు. “కాస్త ఆలస్యమైంది.”

“అన్నయ్యా, పది మైళ్లు!” ఇయర్‌ఫోన్‌లో కొమాంగ్ కేక పెట్టింది. “దారి తప్పి కొండ వైపు జరుగుతోంది. నాలుగు మైళ్ల దాకా చూస్తాను, ఆ తర్వాత పైకి లేపేయమంటాను. ఇక అంతా అయిపోయినట్టే.”

“పటంలో ఉంది! తాడు కోసేస్తా!”

“కోశావో, ఇంటికి రానివ్వను! ఆ తలకాయ గాలికి ఏ విమానం ఇంజిన్లోకో పోతుంది. దించు!”

తాడు పట్టుకున్నది ముఠా కూలికి తెచ్చిన వస్తాదులు. నెంగా ఒక్కడే ఎలా దించగలడు? ఊపిరి ఎగబీల్చి గొంతు చించుకున్నాడు.

“తల పడిపోతోందర్రా! నేలకి తగులుతోంది! పట్టండి!”

తల ఎక్కడా పడటం లేదు. కానీ అది నిజమా అని నిలబడి చూసేదెవరు? పూజ చేసిన నాగు తల నేలకి తాకితే ఏ ఒక్క జట్టుకో కాదు, అందరికీ కీడే. వంతు కోసం కూర్చున్న జట్లన్నీ ఒక్కసారిగా లేచి వచ్చిపడ్డాయి. ఆ తోపులాటలో లిప్‌స్టిక్ ఇసుకలో పేలింది. సెలీన్ కళ్లద్దాలు ఒకవైపు, ఆమె ఒకవైపు. వస్తాదులని పక్కకి నెట్టేసి జనం తాడు లాగుతున్నారు.

“ఏ పేట జట్టురా మీది?” ఒక పెద్దాయన వస్తాదు మీద విరుచుకుపడ్డాడు. “విల్లు ఏదిరా? మీ పూజారికి సిగ్గులేదూ?”

తల నలుగురి చేతుల్లోకి దిగింది. నెంగా దానికి దండం పెట్టి నోట్లో చెయ్యి దూర్చాడు. పెట్టె దొరికింది. ఎర్రదీపం మిణుకుమంటోంది. ఆపడానికి స్విచ్చి లేదు.

“ఆరు మైళ్లు!”

చుట్టూ చూశాడు. మాంసం ఉండల సూప్ అమ్మే బండి మీద పొగలు కక్కే అల్యూమినియం డేగిసా కనిపించింది. పెట్టెని అందులో పడేసి, సిగ్నల్ లోహం దాటి బయటికి పోకుండా మూత బిగించి, దాని మీద పడుకున్నంత పని చేశాడు.

“ఓరి నీ దుంపతెగ! నా సూపు!” అని అరిచాడు ముసలి బండివాడు.

నెంగా మూత మీదే వాలి ఇయర్‌ఫోన్‌ని చెవికి నొక్కుకున్నాడు. ఆ కాసేపట్లో దేవుళ్లందరికీ మొక్కేశాడు.

“జరుగుతోంది,” అంది కొమాంగ్ చివరికి. “మధ్యకి జరుగుతోంది. దిగనిస్తున్నా.” నెంగా ఇంకోసారి మొక్కాడు. “దిగింది అన్నయ్యా. గీత గీసినట్టు దిగింది.”

“ఏడుస్తున్నావా?”

“నోర్ముయ్. నాన్న ఉంటే…” నెంగా మూత వదిలేసి ఇసుకలో కూలబడ్డాడు. చాలా కాలానికి అతనికి కూర్చోవడం హాయిగా అనిపించింది.

ఈలోగా పెద్దాయన జట్టువాళ్లు సెలీన్‌ని గాలిపటం తోకతోనే చుట్టేసి కూర్చోబెట్టారు. మైకులో న్యాయనిర్ణేత, మోత లేని పటానికి పోటీలో చోటు లేదని ప్రకటిస్తున్నాడు.

హర్తావాన్ ఫోన్ చేశాడు. “శభాష్ నెంగా! మంత్రిగారికి ఇప్పుడే చూపించాలి. ఆధారం ఏదీ?”

నెంగా బండి వైపు చూశాడు. ముసలాయన మూత తీసి, గరిటెతో దేన్నో కెలుకుతూ తిట్టుకుంటున్నాడు.

“ఉడుకుతోంది సార్.”