ఖాళీ కుర్చీకి ఫ్యాన్

బావను ఇంటి గేటు దగ్గరే కాల్చి చంపేశారని చీఫ్ చెప్పినప్పుడు ఏజెంట్ నైన్ “ఎవరు?” అని మాత్రం అడిగాడు. ఏడుపు రాలేదు. తిమ్మిరెక్కిన చేతిని గిల్లుకున్నట్టుంది.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. నైన్ అక్క కెమిస్ట్. దూదిలోని సెల్యులోజ్‌ను రసాయనాలతో మార్చి, గాయం మీద పెట్టగానే రక్తం కట్టేలా, ఆపైన ఒంట్లోనే కరిగిపోయేలా బ్యాండేజ్ తయారుచేసింది. ఆ ఫార్ములా లోకానికి అందకుండా తమ చేతిలోనే ఉండాలని ఒక విదేశీ ముఠా పట్టు. అందుకు అడ్డుపడ్డాడనే ఆమె భర్తను చంపారు. మధ్యాహ్నం సభలో ఆమె దాన్ని లోకానికంతా ఉచితంగా ప్రకటిస్తుంది. ప్రకటన అయిపోతే ఇక ఆమెను చంపి లాభం లేదు. కాబట్టి చంపేదేదో ఆలోపే చంపుతారు.

“అక్కకి బావ సంగతి?”

“పొద్దున్నే సభకి వెళ్ళిపోయింది, తెలీదు. అయ్యాక నువ్వే చెప్పాలి.”

నైన్ మీసం అతికించుకుని, నీళ్ళు అందించే మనిషి వేషంలో హాల్లోకి దూరాడు. చేతి వాచీలోని బాంబులు పసిగట్టే డిటెక్టర్ మైకులూ పూలకుండీలూ అన్నీ వాసన చూసి నోరెత్తలేదు. జనం ఇంకా రాలేదు. అయినా వేదిక మీది ఖాళీ కుర్చీకి గురిపెట్టి ఒక టేబుల్ ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. కుర్చీ మీద కొత్త మెత్త. అడుగున ఇంకా చెమ్మ. కుట్టు సందులోంచి చిటికెడు దూది లాగాడు.

మేకప్ గదిలో సభకు యాంకర్‌గా వచ్చిన ‘నెమలి’ గోళ్ళరంగు తుడుచుకుంటోంది. రెండు వైపులా జీతం తీసుకుని రెండు వైపులా నవ్వగల డబుల్ ఏజెంట్. “బయట ఎండగా ఉందా?” అంది. “గొడుగు నాది కాదు,” అన్నాడు. కోడ్ కుదిరింది. ఆమె తలుపేసింది.

ఆమె గోళ్ళరంగు తుడుచుకునే సీసాలోని అసిటోన్‌లో దూది ముంచాడు. మామూలు దూదైతే తడిసి ఊరుకోవాలి. ఇది జిగురుజిగురుగా కరిగింది. నైట్రిక్ ఆసిడ్ పట్టించిన దూది! అక్క ఎప్పుడో చెప్పింది: పని తెలిసినవాళ్ళు దీన్ని తడిగానే మోస్తారు, ఆరిందంటే పేలడానికి నిప్పురవ్వ చాలు. వీళ్ళూ తడిపే తెచ్చారు, తెచ్చి ఫ్యాన్ పెట్టి ఆరబెడుతున్నారు. పాపం, వాళ్ళ జాగ్రత్తే వాళ్ళ కొంప ముంచింది.

“పేల్చే మీట ఎక్కడ?” అని నెమలిని అడిగాడు.

“లైట్లవాడి దగ్గర. మీ అక్క కూర్చోగానే నొక్కుతాడు. పేలేది ఎక్కడుందో నాకూ చెప్పలేదు.”

“ఇవాళ నువ్వెవరి వైపు?”

“మీ బావ పోయాడటగా. ఇవాళ్టికి నీ వైపు.”

బయట చప్పట్లు మోగాయి. నైన్ పరుగెత్తేసరికి హాలు నిండిపోయింది. అక్క సభకు నమస్కారం పెట్టి కూర్చోవడానికి వంగుతోంది. జగ్గెడు నీళ్ళూ మెత్త మీద గుమ్మరించాడు. “కళ్ళు కనబడట్లేదా?” అని ఆమె కసిరింది. లైట్లవాడు మీట నొక్కాడు. కుర్చీ కింద చుయ్‌మంది, అంతే. మళ్ళీ నొక్కబోతే అతని మెడకు నెమలి లిప్‌స్టిక్ పిస్తోలు ఆనింది.

అక్క నిలబడే మాట్లాడింది. ఫార్ములా లోకానిదైపోయింది. సభ ముగిసి జనం వెళ్ళాక నైన్ మీసం పీకేశాడు. ఆమె గుర్తుపట్టి నవ్వింది.

“నువ్వట్రా! మీ బావ ఏరీ? ముందు వరసలో ఉంటానన్నారే?”

నిలబెట్టి చెప్పే మాట కాదది. కూర్చోబెడదామని చుట్టూ చూశాడు. వేదిక మీదున్న ఒకే ఒక్క కుర్చీని తానే తడిపేశాడు.