ఆపరేషన్ నకిలీ దేవుడు

కరీంనగర్ మ్యూజియంలో వీరభద్రుడి పీఠం పక్కన వాచ్‌మన్ మొండయ్య గొంతు తెగి పడి ఉన్నాడు. నెత్తురింకా ఆరలేదు.

ఇయర్‌పీస్‌లో చీఫ్ సంతోష్‌రావు గొంతు. "హనుమండ్లూ, దొరికిన ముఠా మనిషి ఇప్పుడే నోరిప్పిండు. అండ్ల ఒక్క విగ్రహం నకిలీది, ఫైబర్‌ది. కడుపుల టైమ్ బాంబున్నది."

"అందర్ని బయటికి పంపియ్యుండ్రి సార్."

"టైం లేదు. విదేశీ రాయబారి వసారలకొచ్చిండు. పూలు పట్టుకొని బడిపిల్లలున్నరు. జల్ది చూడు. గైడ్ వేషంల మన సృజన నీకు సాయముంటది."

పంచె, తలపాగా, చేతిలో గొడుగు. ఏజెంట్ హనుమండ్లు అచ్చం ధర్మపురి యాత్రికుడిలా ఉన్నాడు. గొడుగు కర్రలో స్కానర్ ఉంది. దాన్ని మొదటి విగ్రహం వైపు తిప్పాడో లేదో, బుల్లెట్ తగిలి స్కానర్ ముక్కలైంది.

వెనక సైలెన్సర్ పిస్టల్‌తో సృజన. పట్టుచీర, ఎర్రటి లిప్‌స్టిక్, మెడలో గైడ్ బ్యాడ్జి.

"మొండయ్యను గూడ నువ్వేనా?"

"అడ్డమొచ్చిండన్నా," అంది తాపీగా.

రెండో బుల్లెట్ అతని భుజం చీల్చింది. హనుమండ్లు గొడుగు విసిరాడు. పిస్టల్ ఎగిరిపోయింది. ఆమె కొప్పులోంచి కత్తి లాగి మీదికి దూకింది. ఇద్దరూ నేల మీద దొర్లారు. కత్తి అతని పక్కటెముకల్లో దిగింది.

ఆ ఊపులో ఆమె కాలు నరసింహస్వామి పీఠానికి తగిలింది. సృజన కత్తిని పెరికి ఎడమచేతికి మార్చి, కుడిచేత్తో పీఠాన్ని తాకి కళ్ళకద్దుకుంది. పసితనం నుంచి అలవాటైన చెయ్యి మరి, హత్య మధ్యలో కూడా ఆగలేదు.

హనుమండ్లుకు ఆ క్షణం చాలు. ఆమె దవడ పగిలేలా గుద్దాడు. ఆమె వెళ్ళి చెన్నకేశవుడి మీద పడింది. మళ్ళీ పైకి లేవడానికి ఆ దేవుడి పాదాల మీదే కాలు తన్నిపెట్టింది. ఈసారి కళ్ళకద్దుకోలేదు.

"గీయనకు మొక్కవేంది చెల్లే?"

సృజన మొహం పాలిపోయింది. కత్తెత్తి ఉరికింది. హనుమండ్లు ఆమె మణికట్టు మెలితిప్పాడు. కత్తి ఆమె గొంతులోనే దిగింది.

అతను చెన్నకేశవుడి పొట్ట మీద ఒక్క తన్ను తన్నాడు. ఫైబర్ పగిలింది. లోపల ఎర్ర అంకెలు సున్నా వైపు పరుగెడుతున్నాయి. చెయ్యి దూర్చి బ్యాటరీ పెరికేశాడు. అంకెలు ఆరిపోయాయి. వసారాలో పిల్లలు స్వాగతగీతం మొదలుపెట్టారు. అది విని అతనికి ఏడుపొచ్చింది.

చీఫ్ లోపలికి వచ్చేసరికి హనుమండ్లు నెత్తురోడుతూ, పగిలిన విగ్రహం పాదాలను తాకి కళ్ళకద్దుకుంటున్నాడు.

"అది ఫైబర్‌ది గదనయ్యా."

"ఎర్కే సార్. తన్నిన తన్ను అసలుదే గద."