కొట్టు వాసన

ఆ పొద్దున ఆయన చేతిలో ఉన్నది పైసా పెట్టుబడి లేని సరుకు, మొక్కలకు మందు కొట్టే డబ్బా. భుజానికి తగిలించుకునే పట్టీ, చేత్తో కొట్టే పంపు, ఇత్తడి మూతి, అన్నీ దిట్టంగా ఉన్నాయి. ఎవరో కొనుక్కుని కొన్నాళ్లు వాడి, కారుతోందని తగువు పెట్టుకుని తిరిగిచ్చేసిన డబ్బా అది. ఆయన లోపలి వాషరు మార్చాడు. నీళ్లు పోసి గలగలా ఆడించి పారబోశాడు. పాత చీటీ గీకేసి, పైన తడిగుడ్డతో తుడిచేసరికి కొత్తదానిలా మెరిసింది. అమ్మితే ఎవరైనా పసిగడతారు. ఇంట్లో ఇస్తే ఎవరూ అడగరు.

బజారులో ఆయన్ని అందరూ తూకమాయన అంటారు. మేకులు, గొలుసులు, తాళ్లు తూచి అమ్మే కొట్టు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆయన అంటాడు. మనిషిని చూసిన మరుక్షణం తూచేస్తాడు కాబట్టి వచ్చిందని ఆయన భార్య అంటుంది. కింద కొట్టు, పైన ఇల్లు. మెట్లెక్కి పైకి వచ్చినా నూనె, తుప్పు, మందుల ఘాటు కలిసిన వాసన వదలదు. ఆయనకూ, భార్యకూ, కూతురికీ అది వాసనలా అనిపించడం ఎప్పుడో మానేసింది.

"ఏమండీ, ఆ మొహం కాస్త మార్చుకోండి. పిల్ల పనిలో చేరే రోజు," అంది భార్య, టీ కప్పు ఆయన ముందు ఠక్కున పెట్టి.

"ఏం పని? మట్టి తవ్వే పని. కింద కొట్టు ఉంది, కుర్చీ ఉంది, పైన ఫ్యాను తిరుగుతోంది. అవి వదిలేసి ఎండలో గడ్డి పీకుతానంటే నవ్వమంటావా?"

"ఆ కాలేజీ తోటలో ఏడాదికి ఒక్కరినే తీసుకుంటారట. ఎంతమంది అడిగినా దీన్నే తీసుకున్నారు."

"ఒక్కరే దొరికారేమో."

గదిలోంచి కూతురు బయటికి వచ్చింది. కొత్త బూట్లు, మోకాళ్ల దగ్గర గట్టి గుడ్డ కుట్టిన ప్యాంటు. ఇంట్లో అందరూ అమ్మడూ అని పిలిచే ఆ పిల్ల భయంతో తండ్రి వంక చూసింది. ఆ తోట నాలుగైదు తరాల నాటిది. అక్కడ పని నేర్చుకోవడానికి చేరే అప్రెంటిస్ తన పనిముట్లు తనే తెచ్చుకోవాలి. ఒకరి కత్తెర ఇంకొకరు ముట్టుకోకూడదు, ఒక మొక్క రోగం ఇంకో మొక్కకు అంటుతుందని. కత్తి, కత్తెర, చేతి తొడుగులు తల్లి కొనిపెట్టింది.

తూకమాయన బల్ల కింద నుంచి డబ్బా తీసి ముందుకు తోశాడు. "ఇది కూడా కావాలంటారు. పట్టుకెళ్లు."

అమ్మడు డబ్బాను రెండు చేతులతో గుండెలకు హత్తుకుంది. "నాన్నా, అంటే నువ్వు ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకోవడమేంటి? కొట్టులో ఉంది, ఇచ్చాను."

"చాలు నాన్నా, నాకది చాలు." ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగింది. ఖర్చు లేకుండా అంత సంతోషం కొన్నందుకు ఆయనకు లోలోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది.

మొదట్లో ఊడవడం, పచ్చిక అంచులు కోయడం, రాలిన ఆకులు కుప్ప పోయడం, ఇవే పనులు. డబ్బా పనిముట్ల గదిలో చిలక్కొయ్యకు వేలాడుతూనే ఉంది. సాయంత్రం అమ్మడు ఒళ్లంతా మట్టితో వచ్చి, కాళ్లు చాపుకుని కబుర్లు చెప్పేది. అక్కడి పెద్ద తోటమాలి ఒకావిడ. నడుముకు ఎప్పుడూ తోట కత్తెర వేలాడుతుంది కాబట్టి అందరూ కత్తెరమ్మ అంటారు. నవ్వదు, పొగడదు.

"పాత గ్రంథాలయం గోడ మీద ఒక ద్రాక్ష తీగ ఉందమ్మా. దాని మొదలు నా నడుమంత. గోడ కట్టినవాళ్లే నాటారట. కత్తెరమ్మ తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోరు. ఆవిడకు నేర్పినాయన పోతూ పోతూ ఆవిడకి అప్పగించాడట."

"పళ్లు కాస్తుందా?" అన్నాడు తూకమాయన.

"కాస్తుంది, పుల్లగా ఉంటాయి. ఎవరూ తినరు."

"మరి దేనికి?"

తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. ఆయనకు అర్థం కాలేదు గానీ, ఆ నవ్వు బాగుందనిపించింది.

తీగ కొత్త ఆకులు వేసే కాలంలో కత్తెరమ్మ అమ్మడిని పిలిచి, ఆకుల మీద బలం మందు కొట్టే పని అప్పగించింది. ఆ రోజు అమ్మడు ఇంటికి పరుగున వచ్చింది. "నాన్నా, ఇవాళ నీ డబ్బాకి పని పడింది! తీగకి నేనే కొట్టాను, పై కొస నుంచి కింద దాకా!"

ఆయన తల ఊపాడు. ఏదో గుర్తు రావలసింది వచ్చినట్టే వచ్చి, కొట్టులో ఎవరో పిలవడంతో ఆగిపోయింది.

వారం తిరగకముందే తీగ ఆకులు ముడుచుకున్నాయి. లేత కొసలు తాడులా మెలితిరిగాయి. తర్వాత గోడ మొత్తం కాల్చినట్టు గోధుమ రంగుకు తిరిగింది. "ఏం కలిపావు?" అని అడిగింది కత్తెరమ్మ. "మీరిచ్చిన బలం మందే" అంది అమ్మడు. ఆ బలం మందే పక్కనున్న మొక్కలకు వేరేవాళ్లు కొట్టారు, అవి నిగనిగలాడుతున్నాయి. అలమారలో పక్క సీసా కలుపు మందుది. సీసా మారిపోయిందని ఒప్పుకోమంది కత్తెరమ్మ. మారలేదంది అమ్మడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

"తప్పు చేస్తే నేర్పేదాన్ని," అంది కత్తెరమ్మ అందరి ముందూ. "అబద్ధాలు చెప్పేవాళ్లకి నేనేమీ నేర్పలేను. నీ పనిముట్లు తీసుకుని వెళ్లు."

అమ్మడు ఇంటికి వచ్చి బల్ల మీద ఒక ఆకు పెట్టింది. మూసిన గొడుగులా ఉంది అది. "నేను సీసా మార్చలేదమ్మా. చీటీ రెండుసార్లు చదివాను. ఒకవేళ మార్చానా? నాకే అనుమానం వస్తోంది. నాకు పిచ్చెక్కుతోందా?"

తల్లి ఆ పిల్ల తలను ఒళ్లోకి లాక్కుంది. తూకమాయన ఆకును చేతిలోకి తీసుకున్నాడు. అలాంటి ఆకులు పట్టుకుని కొట్టుకు వచ్చి దెబ్బలాడినవాళ్లను ఆయన చూశాడు. కలుపు మందు వాడిన డబ్బాను ఉత్త నీళ్లతో కడిగితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఆ డబ్బా తిరిగిచ్చినవాడు దాన్ని దేనికి వాడాడో కూడా తెలుసు.

నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో లెక్క అడ్డం పడింది. ఇప్పుడు చెబితే పిల్ల మళ్లీ ఆ తోటకే పోతుంది. చెప్పకపోతే కొట్టులో కూర్చుంటుంది. తీగ ఎలాగూ పోయింది. ఈ కన్నీళ్లు మూణ్ణాళ్ల ముచ్చట. "పోనీలే అమ్మడూ," అన్నాడు. "మన కొట్టు ఎక్కడికీ పోలేదుగా."

అలా కూతురు కొట్టులోకి వచ్చింది. తూచింది, చుట్టింది, చిల్లర ఇచ్చింది. వచ్చినవాళ్లు "ఏం తూకమాయనా, వారసురాలు దిగిందే!" అంటే ఆయన నవ్వేవాడు. అమ్మడు నవ్వేది కాదు. అన్నం దగ్గర కూర్చుని కెలికి లేచిపోయేది. ఒకసారి గోనె సంచి విప్పుతూ అలాగే ఆగిపోయి, "ఇది మేకులదా, మరలదా? నాన్నా, నువ్వే చూడు. నా కళ్ల మీద నాకు నమ్మకం లేదు," అంది. తను చూసిన దాన్ని తనే నమ్మలేని మనిషిగా మారిపోయింది. చెబుదామని ఆయన రోజూ అనుకునేవాడు. ఆలస్యమైన కొద్దీ చెప్పడం ఖరీదైపోయింది. కాలేజీలో తీగను మొదలు దాకా నరికేశారని, దాని స్థానంలాగే అమ్మడి స్థానం కూడా ఖాళీ అయిందని ఎవరో చెప్పి వెళ్లారు.

ఒక మధ్యాహ్నం ఎవరో మందు డబ్బా ఒకటి తిరిగిచ్చి వెళ్లారు. అమ్మడు దాన్ని తీసి కొత్త సరుకు పక్కన పెట్టబోయింది. తూకమాయన మేకులు తూస్తూ, తల ఎత్తకుండానే, అలవాటుగా అనేశాడు.

"అక్కడ పెట్టకే, కలుపు మందు వాడిన డబ్బా అది. సబ్బు నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టాలి. లేకపోతే ఆ ఘాటు పోదు."

అమ్మడు చేతిలో డబ్బా గాల్లోనే ఆగింది. నెమ్మదిగా మూత తిప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది.

"నాన్నా, ఇది మన కొట్టు వాసన కదా?"

ఆయన చేతిలోంచి మేకులు పళ్లెంలోకి జారాయి.

"నాదీ ఇలాగే ఉండేది. ఆ రోజు మూత తీసినప్పుడు ఇదే వాసన వచ్చింది. నువ్వు పక్కనే ఉన్నట్టు అనిపించింది నాకు. మా ఇంటి వాసన అని నవ్వుకుని మందు పోసుకున్నాను. వేరే ఎవరైనా అయితే ఛీ అని కడిగేవాళ్లు." తండ్రి వైపు తిరిగింది. "నాదీ ఇలాగే వచ్చిందా? ఎవరో తిరిగిచ్చిందా?"

"అమ్మడూ..."

"అవునా కాదా, ఒక్క మాట చెప్పు."

"అవును."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

మాటలు విని తల్లి మెట్లు దిగి వచ్చింది. ఆయన ఇద్దరినీ చూశాడు. "ఆకు చూసినప్పుడు," అన్నాడు.

కొట్టులో ఎవరో "మేకులు ఇస్తారా ఇవ్వరా?" అన్నారు. "ఇవ్వం, రేపు రండి," అని తల్లి షట్టరు సగం దించేసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"పిల్ల తనకి పిచ్చెక్కిందనుకుంటోంది. గోడకేసి తల బాదుకుంటుంటే నేను అడ్డం కూర్చున్నాను. మీరు పక్క గదిలో గుర్రు పెట్టారు. ఇన్నాళ్లూ దేన్ని తూచారండీ, ఆ తక్కెట్లో?"

"నా తర్వాత కొట్టు ఎవరు చూస్తారని..."

"తగలబెట్టండి కొట్టు!"

అమ్మడు అరవలేదు. డబ్బా మూత జాగ్రత్తగా బిగించి కింద పెట్టింది. "తోట పోయినందుకు కాదు నాన్నా. అబద్ధాలకోరు అన్నారు నన్ను. అది అబద్ధమని తెలిసిన మనిషి ఈ లోకంలో నువ్వొక్కడివే. నువ్వు నాకు మేకులు తూచడం నేర్పావు."

మర్నాడు ఆయన కొట్టు తెరవలేదు. అమ్మడికి తను ఇచ్చిన పాత డబ్బా పట్టుకుని కాలేజీకి వెళ్లాడు. రాతి కమానులు దాటి, కోసిన పచ్చిక పక్కగా నడిచి, ఆ గోడ ముందు నిలబడ్డాడు. తీగ పాకిన చోటంతా గోడ రంగు వేరుగా ఉంది, పటం తీసేసిన చోటులా. కింద నడుమంత మొద్దు. ప్రతి మేకుకూ, ప్రతి గొలుసుకూ ఖరీదు కట్టగల మనిషికి ఆ ఖాళీకి ఎంత వేయాలో తోచలేదు.

కత్తెరమ్మ వచ్చింది. ఆయన జరిగినదంతా చెప్పాడు, తను దాచిన సంగతితో సహా. ఆవిడ మూత తీసి వాసన చూసి, పక్కనున్న రాతి గట్టు మీద కూలబడింది.

"అంటే ఆ పిల్ల నిజమే చెప్పింది."

"అవునమ్మా."

"అందరి ముందూ అన్నాను నేను. ఆ పిల్ల నా కళ్లలోకి చూసి కాదంది, అయినా నమ్మలేదు." మొద్దు వైపు చూసింది. "మీరు అప్పుడే వచ్చి ఉంటే స్థానమైనా నిలిపేదాన్ని. ఇప్పుడు వేరేవాళ్లు చేరిపోయారు. వాళ్లని పొమ్మనలేను."

"ఇది మళ్లీ చిగురు వేయదా అమ్మా?"

ఆవిడ కత్తెర మొనతో మొద్దు బెరడు గీకింది. ఒక చోట కాదు, చుట్టూ వంగి గీకుతూనే వెళ్లింది. ఎక్కడా పచ్చదనం లేదు. ఆవిడ కత్తెర మూసి నడుముకు తగిలించుకోవడం చూసి తూకమాయన తల దించుకున్నాడు. అక్కడే, తనకు ఏమీ కాని ఆ మొద్దు ముందు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ ఓదార్చలేదు.

ఆ సాయంత్రమే కత్తెరమ్మ కొట్టుకు వచ్చింది. మేకుల బస్తాల మధ్య నిలబడి, "నువ్వు నిజం చెప్పావు. నేనే నమ్మలేదు. తోటలో అందరినీ పిలిచి ఇదే మాట చెప్పి వచ్చాను," అంది. అన్నాళ్లు బిగబట్టిన ఏడుపంతా అప్పుడు వచ్చింది అమ్మడికి. ఊరి చివర మొక్కలు పెంచి అమ్మే చోట కుండీలు నింపే మనిషి కావాలని, తను చెబితే తీసుకుంటారని కూడా కత్తెరమ్మ చెప్పింది. అది ఆ పాత తోట కాదు. అప్రెంటిస్ కూడా కాదు. అమ్మడు ఒప్పుకుంది. పనికి దగ్గరని అక్కడే ఒక గది చూసుకుని వెళ్లిపోయింది.

పైన ఇంట్లో ఇద్దరే మిగిలారు. భార్య అవసరమైనంతే మాట్లాడేది. పాత డబ్బాకు ఆయన మేకుతో అడుగున బొక్క పెట్టి, గల్లాపెట్టె ఎదురుగా వేలాడదీశాడు. ఎవరైనా బేరమాడితే "అమ్మకానికి కాదు" అనేవాడు.

చాలాకాలానికి ఒక పొద్దున అమ్మడు కొట్టు మెట్టు ఎక్కింది. గోళ్లలో మట్టి, ఎండకు కమిలిన మొహం. చుట్టాన్ని చూసినట్టు లేచి నిలబడ్డాడాయన.

"మందు డబ్బా ఒకటి కావాలి నాన్నా. కొత్తది."

"బజారులో ఇంకా కొట్లున్నాయిగా తల్లీ," అన్నాడు, ఎందుకన్నాడో తెలియకుండానే.

"ఉన్నాయి."

ఆయన అట్టపెట్టె సీలు ఆమె ముందే చింపి డబ్బా తీసి ఇచ్చాడు. అమ్మడు మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. తండ్రి ఎదుటే, దాచుకోకుండా, నిదానంగా వాసన చూసింది. ఆయన చూస్తూ నిలబడ్డాడు. ఇకమీదట తన చేతి మీదుగా ఏది వెళ్లినా ఆ పిల్ల ఇలాగే చూస్తుందని ఆయనకు తెలిసింది.

"బాగుంది నాన్నా," అని పట్టీ భుజానికి తగిలించుకుంది. మెట్టు మీద ఆగి, "అమ్మని అడిగానని చెప్పు. ఆదివారం వస్తాను," అంది.

తీగ పోయింది. తోట పోయింది. కళ్లు మూసుకుని నమ్మే కూతురు పోయింది. కొట్టు ఉంది, కూర్చునేవాళ్లు లేరు. అన్నీ తీసేయగా ఆయనకు దక్కింది ఒకటే. తను ఇచ్చినదాన్ని కూతురు వాసన చూసి తీసుకుంది. వాసన చూసైనా, తీసుకుంది.