హెబ్రోను రాసిపెట్టిన లైను

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే రొయ్యపిల్లల్ని పెంచే ఒక హేచరీ ఉంది. అక్కడ పంపుల షెడ్డును ఆనుకొని ఒక చిన్న గది. పొద్దుగూకినాక ఆ గదిలో కీబోర్డు టకటకమంటుందని పనివాళ్లు చెప్పుకుంటారు. అక్కడ కూర్చుని పనిచేసిన హెబ్రోను పోయి రెండేళ్లు. అప్పటి నుంచీ ఆ తలుపు తీసినవాళ్లు లేరు.

ఆ మాట వచ్చినప్పుడల్లా ల్యాబులో పనిచేసే సుభాషిణి అక్కణ్ణుంచి లేచిపోయేది.

ఏడు ట్యాంకుల నీటి రీడింగులు ఆ గదిలోని కంప్యూటర్లో పొరపాటున చెరిపేసింది ఆమే! ఇద్దరిదీ ఒకే లాగిన్. రీడింగులు లేక మందు ఎక్కువ పడి, రొయ్యపిల్లలన్నీ చచ్చి తేలిపోయినాయి. నింద హెబ్రోను మీద పడింది. ఆమె నోరు విప్పలేదు... ఉద్యోగం పోయి, ఐసు లారీకి క్లీనరుగా చేరిన మనిషి, నెల తిరక్కుండానే హైవే మీద యాక్సిడెంట్లో పోయినాడు.

మొన్న సాయంత్రం మేనేజరు నరేంద్రబాబు పిలిచినాడు. "పాత బ్యాచీ వివరాలు పొద్దున్నే కావాలమ్మా. నీ ల్యాప్‌టాప్‌కి అందకుంటే ఆ గదిలోకే పో."

పోయింది. వాచ్‌మన్ మస్తానయ్య తాళం తీసి, గడప బయటే నిలబడినాడు.

ఆమె ల్యాప్‌టాప్‌ది విండోస్. ఇక్కడుండేది లినక్స్. అయినా డేటాబేస్‌లోని వివరాలు లైను కొట్టి అడిగే నల్లటి తెర రెండింట్లోనూ ఒకటే. తెరిచి, పాస్‌వర్డు కొట్టి, అలవాటుగా, ముందు కొట్టిన లైనును మళ్లీ చూపించే పైబాణం మీట నొక్కింది. ఇప్పుడే తెరిచిన తెర... ఖాళీగానే ఉండాలి.

ఉండలేదు.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు లైను — "సుభాషిణక్కా, భయపడబాక. నేను చెప్పను."

కుర్చీ వెనక్కి పడింది. ఆ కంప్యూటర్ పెట్టిపోయిన వినోద్‌కు ఫోన్ చేసింది.

"అన్నా... ఇప్పుడే తెరిచిన దాంట్లో పాత మాటలు ఎట్లొస్తాయి?"

"విండోస్‌లో అయితే తెర మూస్తే పోతాయమ్మా. లినక్స్‌లో అట్ల కాదు. కొట్టిన ప్రతి లైనూ ఒక ఫైల్లో దాచిపెట్టుకుంటది. ఎన్నేళ్లైనా సరే."

దెయ్యం కాదు! ఊపిరి తీసుకుంది. కుర్చీ ఎత్తి, మళ్లీ కూర్చుని, ఆ మీట ఇంకోసారి నొక్కింది.

రీడింగులు చెరిపేసిన లైను... ఆ రోజు తాను కొట్టింది కొట్టినట్టు!

అంటే హెబ్రోను కూడా ఇదే మీట నొక్కినాడు. ఇదే చూసినాడు. అతను కొట్టలేదంటే, ఆ లాగిన్‌తో ఇంక మిగిలింది ఆమె ఒక్కతే. మేనేజరు ముందు తల వంచుకొని తిట్లు తినేటప్పుడు, పక్కనే నిలబడిన ఆమె వైపు అతను ఒక్కసారైనా చూడలేదు.

"ఏమన్నా కనపడిందామ్మా?" మస్తానయ్య గుసగుసగా అడిగినాడు.

ఆమె లేచి బయటికి వచ్చింది.

"హెబ్రోను వాళ్లమ్మ ఇల్లు యాడో తెలుసా తాతా? ఇప్పుడే పోవాల."